తనంత తానే కరిగే కుట్టుదారం

పామర్రు పరిసరాలలో వరికోతల కాలం వచ్చిందంటే కొడవలి గాయాలు, వాటికి కుట్లు వేయించుకోవడం ఎవరికీ కొత్త సంగతులు కావు. పదిరోజులు గడిచాక ఆసుపత్రికి పోయి కుట్లు విప్పించుకుని రావడం కూడా అందరికీ తెలిసినదే. అయితే క్రిందటి సంక్రాంతి సెలవుల తరువాత మా తరగతిలో ఒక విద్యార్థి లేచి మరొక రకపు కుట్లను గురించి అడిగాడు. వాళ్ళ అమ్మగారికి విజయవాడలో కడుపు ఆపరేషన్ జరిగింది. పైచర్మం మీది కుట్లు విప్పారు. "లోపల కూడా కుట్లు వేశారటండీ. అవి విప్పనక్కరలేదు, కరిగిపోతాయన్నారు. మూడు నెలలు బరువులెత్తవద్దన్నారు. దారం కరిగిపోతే గాయం విచ్చుకోదా?" అన్నాడు.

ఆ కుర్రవాని ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక ఒక తల్లి ఆరోగ్యం ఉన్నది. శస్త్రవైద్యునికి కూడా ఇదే ప్రశ్న. దారం తొందరపడి తెగితే లోపలి కుట్టు విడిపోతుంది. ఆలస్యం చేసి సంవత్సరాల తరబడి ఉండిపోతే శరీరం దానిని పరాయి వస్తువుగా ఎంచి బాధపెడుతుంది. గాయం మానే వేళకు సరిపోయేటట్లు దారం తన బలాన్ని వదలుకోవాలి. దారానికి ఇట్టి కాలజ్ఞానం ఎట్లా వచ్చింది? దాని రసాయన స్వభావం వల్ల కొంత వచ్చింది. మిగిలినది, తయారీలో దానికి తగిలిన వేడి వల్ల వచ్చింది. ఈ రెండవ సంగతి సామాన్యంగా పుస్తకాలలో కనపడదు కనుక దాని చరిత్రను కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ప్రేగుదారం – వేడికి ఓర్వని దారం

గాయాన్ని కుట్టడం మన దేశంలో అతి ప్రాచీనమైన విద్య. సుశ్రుత సంహితలో నూలు, జనుపనార, స్నాయువు, వెంట్రుక, తిప్పతీగ నార మొదలైనవి కుట్టడానికి పనికివచ్చే వస్తువులుగా పేర్కొనబడ్డాయి. ప్రేగు చీలినప్పుడు పెద్ద నల్లచీమలచేత అంచులను కరిపించి, తలలు మాత్రం ఉంచి మొండేలను త్రుంచివేసే ఉపాయం కూడా అందులో ఉన్నది. చీమ తల లోపలనే ఉండిపోయి క్రమంగా అంతరిస్తుంది. లోపల వేసిన కుట్టు విప్పడానికి వీలుండదనీ, అది తానుగానే పోవాలనీ ఆనాటి వైద్యులు గ్రహించారన్న మాట.

పాశ్చాత్య దేశాలలో ఈ పనికి ప్రేగుదారం వాడారు. ఇంగ్లీషులో దాని పేరు క్యాట్‌గట్. పేరులో పిల్లి ఉన్నా దారంలో పిల్లి లేదు. అది గొర్రె, పశువుల ప్రేగుల పొర నుండి తీసినది. జోసెఫ్ లిస్టర్ 1869లో ప్రకటించిన ప్రయోగంలో ఈ దారాన్ని కార్బాలిక్ ఆమ్లపు ద్రావణంలో నానబెట్టి, దూడ మెడలోని ధమనికి ముడివేసి చూశాడు. నెల గడిచిన తరువాత పరీక్షిస్తే ముడి ఉన్న చోట జీవమున్న కణజాలమే కనిపించింది. దారం అంతరించింది, ధమని మూసుకొని ఉన్నది. శరీరం హరించుకొనే దారాలకు ఈ ప్రయోగం పునాది వేసింది.

ప్రేగుదారంలో రెండు లోపాలు ఉండేవి. మొదటిది, ఒక గొర్రె ప్రేగు వలె మరొక గొర్రె ప్రేగు ఉండదు కనుక ఒక దారం వారానికే బలం కోల్పోతే మరొకటి రెండు వారాలు నిలిచేది. రెండవది వేడికి సంబంధించినది. సూదిని, కత్తిని, గుడ్డను నీటిలో మరగబెట్టి సూక్ష్మజీవులను చంపవచ్చు. ప్రేగుదారాన్ని మరగబెడితే అది ముడుచుకుపోయి జిగురుగా మారుతుంది.

ఇందుకు కారణం కనుగొనడంలో మద్రాసు విశ్వవిద్యాలయానికి గొప్ప పాత్ర ఉన్నది. ప్రేగుదారం, తోలు, స్నాయువు అన్నీ కొల్లాజెన్ అనే ప్రోటీనుతో అయినవే. కొల్లాజెన్ అణువు మూడు పోగులు పెనవేసుకున్న త్రాడు వంటిదని 1954లో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. తడిగా ఉన్నప్పుడు సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఈ త్రాడు పురి విడిపోతుంది. పోగులు ముడుచుకుంటాయి. చాలాసేపు కాచితే జెలటిన్ అవుతుంది. మేక కాళ్ళ పులుసు చల్లారితే గడ్డకట్టడానికి కారణం ఇదే.

తోలు పరిశ్రమలో ఈ 'ముడుచుకొనే ఉష్ణోగ్రత' నిత్యం చూసే కొలత. పచ్చితోలుకు క్రోమియం లవణాలు పట్టిస్తే పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి, మరిగే నీటికి కూడా తోలు ఓర్చుకుంటుంది. తెనాలి సమీపాన యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు ఈ తోలు శాస్త్రాన్నే అభ్యసించి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చి, 1958 నుండి మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చారు. కృష్ణ డెల్టా బిడ్డ అయిన ఆయన శాస్త్రంలోని సూత్రమే ప్రేగుదారానికీ వర్తిస్తుంది. లిస్టర్ 1881 నాటికి ప్రేగుదారానికి క్రోమిక్ ఆమ్లం పట్టించి దాని ఆయువును పెంచాడు. తోలుకు ఊనడం ఎట్టిదో దారానికి క్రోమిక్ ఆమ్లం అట్టిది.

ఇంత చేసినా ప్రేగుదారానికి వేడి శత్రువుగానే ఉన్నది. శరీరం హరించుకోగలదీ, వేడితో మెరుగుపరచగలదీ అయిన దారం ప్రకృతిలో దొరకలేదు. దానిని మనిషి నిర్మించుకోవలసి వచ్చింది.

పనికిరాదని పక్కన పెట్టిన దారం

1930లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో వాలెస్ కెరోథర్స్ క్రింద పనిచేస్తున్న జూలియన్ హిల్, ఒక పాత్రలోని పాలియెస్టర్ ముద్దలో కడ్డీ ముంచి పైకి తీశాడు. ముద్ద సన్నని పోగుగా సాగి వచ్చింది. చల్లారిన తరువాత ఆ పోగును చేతులతో లాగితే మరింత సాగి, ముందటికంటే ఎన్నో రెట్లు గట్టిపడింది. లాగితే బలం పెరగడం అన్న ఈ విషయం కృత్రిమ నూలు పరిశ్రమకంతటికీ మూలం. కాని ఆనాటి పాలియెస్టర్లు వేడినీటికి కరిగేవి. చాకిరేవుకు నిలువని గుడ్డ ఎవరికి కావాలి? కెరోథర్స్ బృందం వాటిని విడిచి నైలాన్ వైపు తిరిగింది.

1932లో ఆ బృందమే గ్లైకాలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం నుండి వచ్చే వలయాకారపు అణువులను విప్పి గొలుసులుగా చేసే మార్గాన్ని ప్రకటించింది. గ్లైకాలిక్ ఆమ్లం మనకు పరాయిది కాదు. ఉయ్యూరు వైపు పండే చెరకు రసంలో అది కొద్దిగా ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పెరుగులోని పులుపు. 1954లో డ్యూపాంట్‌కే చెందిన లోవ్, హిగ్గిన్స్ అధిక అణుభారం గల పాలీగ్లైకాలిక్ ఆమ్లాన్ని తయారుచేసే పద్ధతులకు పేటెంట్లు పొందారు. దారం బలంగానే ఉన్నది గాని, తేమ తగిలితే నెలరోజులలో చివికిపోయేది. బట్టలకు పనికిరాదు. అందుచేత దానిని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ లోపమే గుణమని గుర్తించినవారు అమెరికన్ సైనమిడ్ సంస్థలోని ఎడ్వర్డ్ ష్మిట్, రోకో పోలిస్టీనా. తేమకు చివికిపోయే దారం చొక్కాకు దోషం, శరీరం లోపలి కుట్టుకు వరం. వారి పేటెంటు 1967లో వచ్చింది. దాదాపు అదే సమయాన, 1966లో, అమెరికా సైనిక వైద్యరంగంలో కులకర్ణి, ఆయన సహచరులు పాలీలాక్టిక్ ఆమ్లం శరీరంలో హాని లేకుండా హరించుకుపోతుందని చూపారు. 1970లో సైనమిడ్‌కు చెందిన డేవిస్ అండ్ గెక్ శాఖ 'డెక్సాన్' అన్న పేరుతో మొదటి కృత్రిమ కరిగే దారాన్ని మార్కెట్టుకు తెచ్చింది. ఆశ్చర్యమేమంటే, అంతకుముందు ఆ శాఖకు పేరు తెచ్చిన సరుకు ప్రేగుదారమే.

ఇక్కడ తెలుగువారికి ఒక జ్ఞాపకం కలుగుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ పరిశోధనాలయం కూడా అదే సైనమిడ్ సంస్థ శాఖ. ఆయన 1948లోనే మరణించారు, ఈ దారంతో ఆయనకు సంబంధం లేదు. అయితే మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఆయన ఖద్దరుతో కుట్టించిన శస్త్రచికిత్స దుస్తులు ధరించి ఆచార్యుని కోపానికి గురయ్యారు. ఒక నూలుపోగు మనిషి చదువునే మలుపు తిప్పిందని చెప్పడానికి ఇది చాలదా?

దారం లోపలి నిర్మాణం

ఇప్పుడు వేడి సంగతికి వద్దాం. పాలీగ్లైకాలిక్ ఆమ్లం అణువు వేలకొలది కణుపులు గల పొడుగాటి గొలుసు. ఇట్టి గొలుసులు దారంలో రెండు రకాలుగా ఉంటాయి. కొన్ని చోట్ల పక్కపక్కన క్రమంగా పేర్చుకొని ఉంటాయి. ఇవి స్ఫటిక భాగాలు. ఈ పేర్పు ఎట్టిదో 1968లో జపానులో చతాని, తదోకోరో మొదలైనవారు ఎక్స్-కిరణాలతో నిర్ణయించారు. మిగిలిన చోట్ల గొలుసులు చిక్కుపడి వదులుగా ఉంటాయి. ఇవి అస్ఫటిక భాగాలు. ఈ పదార్థంలో సాధారణంగా సగానికి ఇటూ అటూగా స్ఫటిక భాగం ఉంటుంది.

డెల్టా విద్యార్థులకు పోలిక వెతకనక్కరలేదు. కోసి కట్టిన వరి పనలు చేలో ఉన్నవి అనుకోండి. పనలోని గడ్డి ఒక వరుసన బిగువుగా ఉంటుంది. పనల మధ్య రాలిన గడ్డి చెల్లాచెదురుగా ఉంటుంది. ఒకే పొడుగాటి పోచ ఒక పన నుండి బయలుదేరి రెండవ పనలో దూరి ఉంటే, ఆ రెండింటినీ అది కలిపి పట్టుకుంటుంది. దారంలో కూడా ఒక స్ఫటికం నుండి మరొక స్ఫటికానికి సాగే గొలుసులు ఉంటాయి. వాటిని బంధక గొలుసులు అందాం. దారాన్ని లాగినప్పుడు బరువు మోసేవి ముఖ్యంగా ఇవే.

వాన కురిస్తే ఏమవుతుంది? బిగువైన పన లోపలికి నీరు త్వరగా ఎక్కదు. చెదిరిన గడ్డి మొదట నానుతుంది. దారంలోకి కూడా నీరు ముందు అస్ఫటిక భాగాలలోనికే ప్రవేశించి, గొలుసుల కణుపులను ఒక్కొక్కటే తెంపుతుంది. దీనినే జలవిశ్లేషణం అంటారు. ఉప్పు నీటిలో కరిగినట్లు దారం కరగదు. ముక్కలై, చివరకు గ్లైకాలిక్ ఆమ్లంగా మారి, శరీరం దానిని జీర్ణించుకొని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా విసర్జిస్తుంది. కొంత మూత్రంలో పోతుంది.

వేడి ఏమి చేస్తుంది?

బెల్లపు పాకం చూసిన వారికి వేడి మహిమ తెలుసు. పాకాన్ని పలుచగా పోసి వెంటనే చల్లార్చితే గాజువంటి పెళుసు బిళ్ళ వస్తుంది. అణువులకు వరుసలో నిలవడానికి వ్యవధి దొరకలేదు. చక్కెర ఫ్యాక్టరీలో లాగా నెమ్మదిగా చల్లారనిస్తే పలుకులు కడుతుంది. పదార్థం ఒకటే; వేడి నుండి అది దిగివచ్చిన దారి వేరు.

పాలీగ్లైకాలిక్ ఆమ్లం సుమారు 225 డిగ్రీల వద్ద కరుగుతుంది. కరిగిన ముద్దను సన్నని రంధ్రాల గుండా నెట్టి పోగులుగా తీసి త్వరగా చల్లార్చుతారు. అప్పుడు స్ఫటిక భాగం తక్కువ. పిమ్మట కొంచెం వేడిచేస్తూ ఎన్నో రెట్లు సాగలాగుతారు. గొలుసులు పోగు పొడుగునా వాలి వరుస కడతాయి. హిల్ చేతులతో చేసిన పనినే ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి.

తరువాతిదే తాపసంస్కారం. ఇంగ్లీషులో అన్నీలింగ్ అంటారు. ప్రతి పాలిమర్‌కు గాజు పరివర్తన ఉష్ణోగ్రత అని ఒకటి ఉంటుంది. దానికి క్రింద వదులు గొలుసులు కదలలేక గాజులో వలె బిగిసి ఉంటాయి. పైకి పోతే కదలిక వస్తుంది. పాలీగ్లైకాలిక్ ఆమ్లానికి ఇది 35 నుండి 40 డిగ్రీల మధ్య ఉన్నది. ఈ హద్దుకు బాగా పైన, ద్రవీభవన స్థానానికి చాలా క్రింద, పొడి వాయువులో గాని శూన్యంలో గాని దారాన్ని కొంతసేపు ఉంచుతారు. అప్పుడు మూడు మార్పులు జరుగుతాయి.

మొదటిది, వదులు గొలుసులలో కొన్ని పక్కనున్న స్ఫటికాలకు చేరి వాటిని పెంచుతాయి. స్ఫటికాల లోపాలు సర్దుకుంటాయి. ఎక్స్-కిరణాల చిత్రంలో రేఖలు స్పష్టపడతాయి. రెండవది, లాగినప్పుడు లోపల నిలిచిన బిగువు సడలుతుంది. ఇక తరువాత వేడి తగిలినా దారం ఉన్నట్టుండి ముడుచుకోదు. మూడవది, గొలుసులుగా మారకుండా మిగిలిన చిన్న అణువులు శూన్యంలో ఆవిరైపోతాయి. అవి మిగిలి ఉంటే తేమకు ఆమ్లంగా మారి దారాన్ని త్వరగా చెడగొడతాయి.

అయితే వేడి ఇచ్చేటప్పుడు దారాన్ని ఎట్లా పట్టుకున్నామన్నది ముఖ్యం. రెండు కొనలను బిగించి వేడిచేస్తే గొలుసుల వరుస చెడకుండా స్ఫటికాలు పెరుగుతాయి. వదలిపెట్టి వేడిచేస్తే దారం కుదించుకుపోతుంది. బంధక గొలుసులు వెనుకకు ముడుచుకొని బలం తగ్గుతుంది. హద్దు మీరి వేడిచేస్తే స్ఫటికాలు దళసరి అవుతాయి గాని, వాటిని కలిపే గొలుసులు తగ్గి దారం పెళుసవుతుంది. తేమ ఉండగా వేడిచేస్తే గొలుసులే తెగుతాయి. అందుచేత స్ఫటిక భాగం ఎక్కువైనంత మాత్రాన దారం మేలైనదని చెప్పరాదు. పనలు ఎన్ని ఉన్నాయన్నదే కాక, వాటిని కలిపే పోచలు ఎన్ని ఉన్నాయన్నది కూడా చూడాలి.

బలం ముందు, బరువు తరువాత

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సి. సి. చూ అనే శాస్త్రజ్ఞుడు ఈ దారాలను శరీర ఉష్ణోగ్రత వద్ద ద్రావణంలో ఉంచి పరీక్షించాడు. 1981లో ఆయన ప్రకటించిన ఫలితం విచిత్రంగా తోస్తుంది. దారం చివికిపోతున్నా, అందులో స్ఫటిక భాగపు పాలు మొదట పెరిగింది! సుమారు మూడు వారాల తరువాత మాత్రమే తగ్గింది. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. నీరు మొదట అస్ఫటిక భాగాన్ని తినివేసింది కనుక మిగిలినదానిలో స్ఫటికం పాలు ఎక్కువైంది. చెదిరిన గడ్డి కుళ్ళిపోతే చేలో పనలే మిగిలినట్లు. తరువాత స్ఫటికాల వంతు వచ్చింది. వేడి, క్షయం ఈ రెండింటినీ కలిపి చూచిన పరిశోధన ఒకటి 1988లో చూ, బ్రౌనింగ్ ప్రకటించారు.

దీనినిబట్టి మరొక సంగతి తెలుస్తుంది. బరువు మోసే బంధక గొలుసులు అస్ఫటిక భాగం గుండానే సాగుతాయి. కనుక దారం కంటికి చెక్కుచెదరకుండా ఉండగానే బలం పోతుంది. డెక్సాన్ వంటి దారం రెండు మూడు వారాలలో సగం బలం కోల్పోతుంది. పూర్తిగా మాయం కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. 1974లో వచ్చిన వైక్రిల్‌లో నూటికి పదిపాళ్ళు లాక్టిక్ ఆమ్లం చేర్చారు. అది మూడు వారాలకు సుమారు సగం బలం నిలుపుకొంటుంది. 1980ల తొలి యేళ్ళలో వచ్చిన పి.డి.ఎస్. అనే దారం నాలుగు వారాలకు కూడా సుమారు సగం బలంతో ఉండి, ఆరు నెలలకు గాని అంతరించదు. ఏ అవయవం ఎన్నాళ్ళకు మానుతుందో చూసి వైద్యుడు దారాన్ని ఎంచుకొంటాడు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు సమాధానం దొరికింది. దారం బలం తగ్గుతూ ఉంటే గాయం బలం పెరుగుతూ ఉంటుంది. ఒకటి బరువు దించుకుంటుంటే రెండవది ఎత్తుకుంటుంది. అయితే మానిన గాయానికి పూర్వపు బలం రావడానికి దారం ఆయువు కంటె ఎక్కువ కాలం పడుతుంది. బరువులెత్తవద్దని వైద్యుడు చెప్పినది అందుకే. అమ్మగారు నీళ్ళబిందె ఎత్తకుండా చూడడం ఇక కొడుకు పని.

మన ఎండలు, మన జాగ్రత్తలు

పాలీగ్లైకాలిక్ ఆమ్లపు గొలుసులు కదలడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత 35–40 డిగ్రీలని చెప్పుకున్నాం. విజయవాడలో వైశాఖ జ్యేష్ఠాలలో 45 డిగ్రీలు తాకే రోజులున్నాయి. డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. వేడి గొలుసులకు కదలిక ఇస్తే తేమ వాటిని తెంపుతుంది. ఇట్టి దారాలను లోహపు రేకు పొట్లాలలో పొడిగా మూసి, 25 డిగ్రీలు దాటని చోట ఉంచమని పొట్లం మీద అచ్చువేయడం అందుకే. రేకు చిరిగిన పొట్లం, గడువు దాటిన పొట్లం వాడరాదు.

మిగిలిపోయిన దారాన్ని మరగబెట్టి మళ్ళీ వాడడం పొదుపు కాదు, ప్రమాదం. ఆవిరి యంత్రంలో పెడితే వేడి, నీరు రెండూ కలిసి గాయంలో వారాలపాటు జరగవలసిన పనిని గంటలో మొదలుపెడతాయి. కంటికి దారం బాగానే కనిపిస్తుంది, లోపల గొలుసులు తెగి ఉంటాయి. అందువల్లనే కర్మాగారంలో వీటిని ఎథిలీన్ ఆక్సైడు వాయువుతో శుద్ధిచేస్తారు. పొడిగా, అదుపులో ఇచ్చిన వేడి దారానికి ఆయువు పోస్తే, తడిగా, అదుపు తప్పిన వేడి ఆయువు తీస్తుంది.

తరగతి గదిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఖర్చులేకుండా చూపవచ్చు. త్రాగి పారవేసిన మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా ప్రక్క నుండి ఒక పట్టీ కత్తిరించండి. పాలియెస్టర్ చీర లేక చొక్కా గుడ్డ ముక్క మరొకటి తీసుకోండి. రెండూ ఒకే పాలిమర్‌తో అయినవే. రెండింటినీ కొలిచి, పటకారుతో మరిగే నీటిలో ముంచి, తీసి మళ్ళీ కొలవండి. సీసా పట్టీ ముడుచుకొని వంకర తిరుగుతుంది. గుడ్డ దాదాపు ఉన్నట్లే ఉంటుంది. సీసాను సాగదీసి ఊది త్వరగా చల్లార్చారు. లోపలి బిగువు అట్లే ఉన్నది. గుడ్డ నూలుకు మాత్రం తయారీలోనే తాపసంస్కారం జరిగింది. బిగువు ముందే సడలింది. చిన్నపిల్లలను వేడినీటికి దూరంగా ఉంచి ఉపాధ్యాయుడే ఈ ప్రయోగం చేయాలి.

ఒక పదార్థం ఏ మూలకాలతో అయినదో తెలిసినంత మాత్రాన దానిని తెలిసినట్లు కాదు. అది ఏ వేడి నుండి, ఏ వేగంతో, ఏ బిగువులో దిగివచ్చిందో కూడా తెలియాలి. కమ్మరి కొడవలికి పదును పెట్టేటప్పుడు పాటించే నియమమే ఇది. కొడవలి చేసిన గాయాన్ని కుట్టే దారం కూడా అదే నియమానికి లోబడి ఉండడం చూస్తే, శాస్త్రంలో చిన్న విషయమని త్రోసిపుచ్చదగినది లేదని తోస్తుంది.